మిసిసిపీ జాన్ హర్ట్ గిటార్

సభ్యులందరికీ నమస్కారం. ఫింగర్‌స్టైల్ (తీగలను వేళ్లతోనే మీటే పద్ధతి) అంటే ఇష్టపడేవారు అమెరికన్ బ్లూస్ గాయకుడు మిసిసిపీ జాన్ హర్ట్ గిటార్‌ను తప్పక వినాలని నా మనవి. ఆయన బొటనవేలు మంద్రస్వరపు తీగల మీద తాళం తప్పకుండా నడుస్తుంటే, చూపుడు వేలు, మధ్య వేలు సన్నని తీగల మీద పాట వరుసను పలికిస్తాయి. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది గానీ, ఏ తీగా అవసరానికి మించి మోగదు. 1928లో ఓకే రికార్డ్స్ అనే రికార్డుల సంస్థకు పాడిన పాటలు అంతగా అమ్ముడుపోకపోవడంతో ఆయన మిసిసిపీ రాష్ట్రంలోని తన ఊరు అవలాన్‌లో పొలం పనులు చేసుకుంటూ ఉండిపోయారు. 1963లో అభిమానులు వెతుక్కుంటూ వచ్చేనాటికి వయసు డెబ్బైకి చేరినా, ఆ చేతి మార్దవం చెక్కుచెదరలేదు. నాకైతే అదే అన్నిటికంటే అబ్బురం. వినేటప్పుడు మొదట బొటనవేలి నడకను మాత్రమే గమనించండి, ఆ తరువాత గొంతు ఆపిన మాటను గిటార్ అందుకొనే చోట్లను పట్టుకోండి.