బరువు కాదు, ఎదుగుదల కొలవండి

సంపాదకులకు నమస్కారం.

2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్‌లో (ఒక్క ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, ఆపై తలపైకి ఎత్తడం) 130 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. విజయనగరం పక్కన కొండవెలగాడ అంటేనే లిఫ్టింగ్. అయినా లిఫ్టింగ్ శిక్షణకు పిల్లల ఎంపికలు ఇప్పటికీ ఎవరెంత ఎత్తారన్న లెక్క మీదే సాగుతున్నాయి. పన్నెండేళ్లకు ఆ లెక్కలో నెగ్గేది తొందరగా ఎదిగిన పిల్ల. ఆలస్యంగా ఎదిగే పిల్ల, సత్తా ఉన్నా, జాబితాకెక్కదు.

చూడాల్సింది వేరు. నిలుచున్నచోటి నుంచి ఎంత దూరం దూకింది, 30 మీటర్లు ఎంతలో పరుగెత్తింది, తలపైన కర్ర పట్టుకుని మడమలు లేవకుండా గొంతుక్కూర్చోగలదా? టేపు, స్టాప్‌వాచ్ చాలు. నిలుచున్న ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు రాసుకుని ఆర్నెల్లకోసారి మళ్లీ కొలిస్తే ఎదుగుదల ఏ దశలో ఉందో అంచనాకొస్తుంది.

ఆడపిల్లల పోటీ బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) ఒక్కటే 15 కిలోలు. మొదటి వారంలోనే అది చేతికిస్తే నడుం గుండ్రంగా వంచి లాగడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం గగనం. కర్రతో మొదలుపెట్టి, 5 కిలోల బార్‌కు రావాలి. ఇక తక్కువ శరీర బరువు కేటగిరీలో పతకం కోసం పిల్లలకు తిండీ నీళ్లూ మాన్పించడమా? ఎముక ముదిరే వయసది!

తిండి ఖర్చు పోటీల ముందు పది రోజులకు కాక ఏడాది పొడవునా ఇవ్వాలి. రోజుకు రెండు గుడ్లంటే పన్నెండు గ్రాముల ప్రొటీనే. 40 కిలోల లిఫ్టర్‌కు అరవై పైచిలుకు కావాలి.

— వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకులు, విజయనగరం