వార్షిక నివేదిక: నీవానది ఒడ్డున ఉన్న బెల్లం గిడ్డంగి

గౌరవ సభ్యులకు నమస్కారం.

పాత కట్టడాలను కాపాడే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను. ఈ ఏడాది మన శ్రమంతా చిత్తూరులో నీవానది ఒడ్డున పాడుబడిన బెల్లం గిడ్డంగి చుట్టూనే సాగింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే కాట్పాడి, పాకాల మధ్య చిత్తూరు మీదుగా మీటరుగేజి రైలు నడుస్తోంది. చుట్టుపక్కల పల్లెల్లో వండిన బెల్లం ఎడ్లబండ్ల మీద మండీలకు చేరేది. తేమ తగిలితే బెల్లం కారిపోతుంది. అందుకే ఈ గిడ్డంగికి ఎత్తైన అరుగు, మందపాటి సున్నపు గోడలు కట్టారు. చెరకు సాగు తగ్గాక దీనికి తాళం పడింది. 2021 నవంబరు వరదలప్పుడు లోపల మోకాలిలోతు ఒండ్రు చేరింది. దాన్ని ఈ వేసవిలో తీశాం.

సంక్రాంతికి ముందు ఆదివారం గిడ్డంగి ముంగిట జరిపిన పాత హమాలీల సభ మన సంఘానికి గర్వకారణం. ఎనభై దాటిన ఒక పెద్దాయన లోపలికి నడిచి, దూలానికి ఇంకా వేలాడుతున్న కాటా కొక్కెం కింద ఆగారు. గోడ మీద బొగ్గు గీతలున్నాయి: నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం. వేలితో ఒక్కొక్కటే తడుముతూ, "అయిదు బస్తాలకు ఒక కట్ట. ఇవి నేను గీసినవే" అన్నారు. ఆ గోడకు సున్నం వేయవద్దని అక్కడే తీర్మానించాం. వాన పడితే ఆ మూలకు చీమలు ఇప్పటికీ బారులు తీరుతాయి.

తాళంచెవి ఇచ్చిన యజమాని కుటుంబానికి, సభకు టీలు ఉచితంగా పంపిన హోటలువారికి, ఫొటోలు తీసిన విద్యార్థులకు, షామియానా వేసి డబ్బు తీసుకోని మిత్రుడికి కృతజ్ఞతలు.

ఒండ్రు తీయడానికి ముప్పైమంది పేర్లిచ్చారు, వచ్చినవారు ఏడుగురు. ఇది రాయడానికి మనసు రావడం లేదు, కానీ రాయక తప్పదు. కట్టడాన్ని కాపాడమని ఒక కార్యాలయంలో నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయినప్పుడు పాత ఫైలు ఎటు వెళ్లిందో అక్కడ చెప్పేవారే లేరు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి సభలో చదువుతారు. రసీదులన్నీ ఉన్నాయి, అప్పు లేదు.

పైకప్పు పెంకులు వానలకు ముందే సర్దాలి. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు తలుపు తీస్తాను. నిచ్చెన ఉన్నవారు తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి