12 లీటర్ల హామీ, 2 లీటర్ల నీరు: సోలార్ డిస్టిల్లర్‌పై ఫిర్యాదు

అనంతపురం

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని పరీక్షలో తేలడంతో, తాగడానికీ వంటకూ సరిపడా నీరు దొరుకుతుందన్న నమ్మకంతో, మీ కంపెనీ తయారు చేసిన ఒక చదరపు మీటరు సోలార్ డిస్టిల్లర్‌ను ఫిబ్రవరిలో కొని మేడ మీద పెట్టించాను. ఎండ వేడికి తొట్టిలోని నీరు ఆవిరై, పై అద్దం లోపలి వైపు చుక్కలుగా కట్టి, అంచు కాలువ గుండా క్యానులోకి చేరాల్సిన పెట్టె ఇది. రోజుకు 12 లీటర్ల శుద్ధజలం వస్తుందని మీరు బ్రోచర్‌లో అచ్చు వేశారు. మబ్బు తునక లేని రోజున సైతం క్యానులో చేరే నీరు 2 లీటర్లు దాటడం లేదు.

ఫోన్ చేస్తే మీ సర్వీసు విభాగం వారు "ఎండ చాలడం లేదు సార్" అన్నారు. ఏప్రిల్ నెలలో అనంతపురం వాసికి ఈ మాట చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

వచ్చిన వేడిని పెట్టె నిలుపుకోలేకపోవడమే అసలు లోపం. మధ్యాహ్నం పూట అడుగు రేకును కింది నుంచి తాకితే, నీడలో ఉన్నా చెయ్యి చురుక్కుమంటోంది. మీ మెకానిక్ ఎదుటే మరలు విప్పించి చూస్తే, లోపల అర అంగుళం థర్మాకోల్ షీటు ఒక్కటే ఉంది. అదీ తొట్టి అతుకు నుంచి కారిన నీటికి నానిపోయి ఉంది. థర్మాకోల్ వేడిని ఆపేది తనలో చిక్కుకున్న గాలి వల్లనే. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా సులువుగా వేడిని ప్రసారం చేస్తుంది కాబట్టి, పూసల సందుల్లోకి తడి చేరాక ఆ షీటు ఉన్నా ప్రయోజనం అంతంతమాత్రమే.

పై అద్దానికి వాలు చాలలేదు. దాని లోపలి వైపు కట్టిన చుక్కలు అంచు కాలువ దాకా జారకుండా మధ్యలోనే రాలిపోతున్నాయి. అలా ఒకసారి ఆవిరై, తన వేడినంతా అద్దానికి ఇచ్చేసిన చుక్క తిరిగి తొట్టిలో పడితే, దాన్ని మళ్లీ ఆవిరి చేయడానికి అంతే వేడి మరోసారి ఖర్చవుతుంది. పైగా తొట్టిలో 10 సెంటీమీటర్ల లోతు నీరు పోయమని మీ మాన్యువల్ చెబుతోంది. అంటే 100 లీటర్లు! అంత నీరు బాగా వేడెక్కేసరికి పొద్దు వాలుతుంది.

ఈ లోపాలన్నీ సరిచేసినా 12 లీటర్లు అసాధ్యమని మీ ఇంజనీర్లకు తెలియదనుకోను. మంచి ఎండ రోజున చదరపు మీటరుపై పడే శక్తి సుమారు 6 యూనిట్లు, అంటే 21.6 మెగాజౌళ్లు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2.4 మెగాజౌళ్లు కావాలి. వేడి రవ్వంత కూడా వృథా కాకపోయినా 9 లీటర్లకు మించదు. ఆవిరి విడిచిన వేడిని మళ్లీ వాడుకునే బహుళ దశల యంత్రమైతే వేరు. మీది ఒకే తొట్టి, ఒకే అద్దం. 1872లో చిలీలోని లాస్ సాలినాస్‌లో కట్టిన భారీ సౌర డిస్టిలేషన్ కేంద్రం సైతం చదరపు మీటరుకు ఇచ్చింది సుమారు 5 లీటర్లే.

కాబట్టి యూనిట్‌ను వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించండి. లేదా అతుకు కారని తొట్టి, తగినంత మందం గల ఇన్సులేషన్, సరైన వాలుతో అద్దం అమర్చి, రోజుకు ఎన్ని లీటర్లు వస్తుందో లిఖితపూర్వకంగా హామీ ఇవ్వండి. రెండింటిలో ఏది చేసినా బ్రోచర్‌లోని 12 లీటర్ల అంకెను తొలగించాలి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. బిల్లు నకలు, బ్రోచర్, నానిన థర్మాకోల్ ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు