ఆ మినహాయింపుకి ముగింపు తేదీ పెట్టండి: ఎన్‌హెచ్‌ఎల్ కమిషనర్‌కి బహిరంగ లేఖ

గ్యారీ బెట్‌మన్ గారికి,
కమిషనర్, నేషనల్ హాకీ లీగ్, న్యూయార్క్.

నమస్కారం.

నేను మిన్నెసోటాలో ఉంటున్న తెలుగువాణ్ణి. మా అబ్బాయి ఇక్కడ యూత్ లీగ్‌లో ఐస్ హాకీ ఆడతాడు. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి పంపుతున్నాను. తెలుగులో కూడా ఎందుకంటే, మావాళ్ల పిల్లలు ఇప్పుడు ఇక్కడి రింకుల్లో కనిపిస్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలకి ఈ సంగతులు చెప్పేవాళ్లు తక్కువ.

అడిగేది ఒకటే. 2026-27 సీజన్ నుంచి మెడకి కోత తగలకుండా నెక్ గార్డ్ లాంటి రక్షణ తప్పనిసరి అని మీరూ, ఆటగాళ్ల సంఘమూ ఒప్పందం చేసుకున్నారు. సంతోషం. కానీ అది అప్పటిదాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివాళ్లకే. ఒక్క మ్యాచ్ ఆడి ఉంటే చాలు, పెట్టుకోవడం మానడం వాళ్ల ఇష్టం. ఆ మినహాయింపుకి ఒక ముగింపు తేదీ పెట్టండి.

ఆడమ్ జాన్సన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మావాళ్లకి మాత్రం చెప్పాలి. మిన్నెసోటా ఉత్తరాన హిబ్బింగ్ అని ఇనుప గనుల ఊరు ఉంది. 1994లో అక్కడ పుట్టాడు. హైస్కూల్ హాకీ ఆ ఊళ్లోనే ఆడాడు, జూనియర్ హాకీ అయోవాలో ఆడాడు, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా డులూత్‌లో చేరాడు. 2017 మార్చిలో జాతీయ కాలేజీ టోర్నమెంటులో బోస్టన్ యూనివర్సిటీతో మ్యాచ్ 2-2 దగ్గర ఆగి ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. గోల్ కొట్టింది జాన్సనే. దాంతో డులూత్ చివరి నాలుగు జట్ల పోటీకి చేరింది, ఫైనల్లో డెన్వర్ చేతిలో 3-2తో ఓడింది. ఆ వేసవిలోనే, చదువు ఇంకా రెండేళ్లు ఉండగా, ఎన్‌హెచ్‌ఎల్ జట్టు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌తో సంతకం చేశాడు. అంతకుముందు ఏ జట్టూ ఆయన్ని డ్రాఫ్ట్‌లో, అంటే కుర్ర ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, తీసుకోలేదు. తర్వాత రెండేళ్లూ, 2018లోనూ 2019లోనూ, డులూత్ వరసగా జాతీయ ఛాంపియన్ అయింది. మొదటి కప్పు మా సెయింట్ పాల్‌లోనే గెలిచింది. అప్పటికి జాన్సన్ పెన్సిల్వేనియాలో, పెంగ్విన్స్‌కి కింది జట్టయిన విల్క్స్-బారె స్క్రాంటన్‌కి ఆడుతున్నాడు.

మైనర్ లీగ్ బతుకు బయటివాళ్లకి తెలియదు. ప్రతి ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకీ కింద అమెరికన్ హాకీ లీగ్‌లో ఒక జట్టు ఉంటుంది. సీజన్‌కి 72 మ్యాచ్‌లు, ఎక్కువగా బస్సు ప్రయాణాలు, కొన్ని వారాంతాల్లో వరసగా మూడు రాత్రులు మూడు మ్యాచ్‌లు. చాలామంది కాంట్రాక్టులో రెండు జీతాలు రాసి ఉంటాయి, పైన ఆడితే ఒకటి, కింద ఆడితే ఒకటి. పైజట్టులో ఎవరికో దెబ్బ తగిలితే ఫోన్ వస్తుంది. బ్యాగు సర్దుకుని పరిగెత్తాలి. ఆ దెబ్బ తగిలినాయన కోలుకోగానే మళ్లీ కిందకి. కాలేజీలో స్టాండ్లు ఊగిపోయేలా ఆడిన కుర్రాళ్లలో ఎక్కువమంది జీవితం ఇలాగే గడుస్తుంది. ఇంకో మెట్టు కింద, ఈసీహెచ్‌ఎల్‌లో, వారానికి కొన్ని వందల డాలర్లకే ఆడేవాళ్లున్నారు.

అలా పైకీ కిందకీ తిరుగుతూ జాన్సన్ మీ లీగ్‌లో ఆడినవి 13 మ్యాచ్‌లు. ఒక గోల్, మూడు అసిస్టులు. ఆ ఒక్క గోల్ 2019 అక్టోబరు 12న సెయింట్ పాల్‌లో, సొంత రాష్ట్రపు జట్టు మిన్నెసోటా వైల్డ్ మీద కొట్టాడు. తర్వాత స్వీడన్, మళ్లీ అమెరికా మైనర్ లీగ్, ఆపైన జర్మనీ, చివరికి ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ పాంథర్స్. పైకి వెళ్లలేకపోయాడని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆటనే నమ్ముకుని, ఏ దేశం పిలిస్తే ఆ దేశం వెళ్లి గౌరవంగా సంపాదించుకున్న మనిషి ఆయన. 2023 అక్టోబరు 28న షెఫీల్డ్‌లో మ్యాచ్ జరుగుతుండగా ఎదుటి ఆటగాడి స్కేట్ బ్లేడు మెడకి తగిలింది. ప్రాణం దక్కలేదు. వయసు 29.

ఎవరి మీదా నింద వేయడానికి ఇది రాయడం లేదు. అక్కడి ప్రాసిక్యూటర్లు 2025లో ఆ ఎదుటి ఆటగాడి మీద కేసు అక్కర్లేదని తేల్చారు, నాకూ అదే సరి అనిపించింది. షెఫీల్డ్ కరోనర్, అంటే మరణాల మీద విచారణ జరిపే అధికారి, మాత్రం జాన్సన్ చనిపోయిన కొద్ది వారాలకే లిఖితపూర్వకంగా హెచ్చరించారు, నెక్ గార్డులు పెట్టుకోకపోతే ఇలాంటి మరణాలు మళ్లీ జరగొచ్చని.

ఇప్పుడు మీ నిబంధన చూడండి. జాన్సన్ బతికుండి, ఏ జట్టో పిలిస్తే మళ్లీ మీ లీగ్‌కి వచ్చాడనుకుందాం. ఆయన ఖాతాలో 13 మ్యాచ్‌లు ఉన్నాయి కాబట్టి నిబంధన ఆయనకి వర్తించదు. ఎవరి చావు వల్ల ఈ చర్చంతా మొదలైందో, ఆ మనిషి మెడకే మీ రూలు కాపలా కాయదు.

ఇంతకుముందు ఒకసారి లీగ్ ఈ దారిలోనే నడిచింది. బిల్ మాస్టర్‌టన్ డెన్వర్ యూనివర్సిటీ స్టార్. 1961లో జాతీయ టోర్నమెంటులో అత్యుత్తమ ఆటగాడు. తర్వాత రెండేళ్లు మైనర్ లీగుల్లో ఆడి, పైకి దారి కనపడక ప్రొఫెషనల్ ఆట వదిలేసి ఇక్కడ మిన్నెసోటాలో హనీవెల్ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. 1967లో మిన్నెసోటా నార్త్ స్టార్స్ కొత్తగా పుట్టినప్పుడు తిరిగి వచ్చి, ఆ జట్టు చరిత్రలోనే మొదటి గోల్ కొట్టాడు. 1968 జనవరి 13న ఆ జట్టు స్టేడియం మెట్ సెంటర్‌లో ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్లు తగిలి మంచు మీద తల కొట్టుకుంది. హెల్మెట్ లేదు. రెండు రోజులకి పోయాడు. ఆయన వయసూ 29. మాల్ ఆఫ్ అమెరికాకి షాపింగ్‌కి వెళ్లే మావాళ్లకి తెలియదు గానీ, ఆ స్టేడియం ఒకప్పుడు ఉండేది దాని పక్కనే.

ఆయన పేరిట అదే ఏడాది ట్రోఫీ పెట్టారు. హెల్మెట్ రూలు మాత్రం 1979 దాకా రాలేదు. అదీ కొత్తవాళ్లకే. పాతవాళ్లలో చివరాఖరి మనిషి క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లో రిటైరయ్యేదాకా హెల్మెట్ లేకుండానే ఆడాడు. అంటే ఒక మరణానికి పూర్తి జవాబు రావడానికి 29 ఏళ్లు పట్టింది. అప్పటికి మీరు కమిషనర్‌గా నాలుగేళ్లు దాటాయి. కంటి రక్షణ వైజర్ల విషయంలో 2013లో మీ హయాంలోనే ఇదే పద్ధతి, 26 మ్యాచ్‌ల కన్నా తక్కువ ఆడినవాళ్లకే తప్పనిసరి అన్నారు. పుష్కరం గడిచినా వైజర్ లేకుండా ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు.

నెక్ గార్డ్ అంటే పెద్ద సరంజామా కాదు. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డపట్టీ, లోపల కోతకి తట్టుకునే నూలు, మెడ వెనక వెల్‌క్రో. మా అబ్బాయి మొదట్లో గోల చేశాడు, దురద అనీ ఉక్క అనీ. ఛాతీ ప్యాడ్ వేసుకున్నాక, జెర్సీకి ముందు దాన్ని బిగించేవాణ్ణి. చెమటకి వెల్‌క్రో అంచు గీసుకుని మెడ వెనక ఎర్రగా కందేది, లోపల పల్చటి కాలరు చొక్కా వేశాం, సర్దుకుంది. ఇప్పుడు తనే పెట్టుకుంటున్నాడు. అమెరికాలో పిల్లలందరికీ 2024 ఆగస్టు నుంచి ఇది తప్పనిసరి. అమెరికన్ హాకీ లీగ్‌లో 2024-25 నుంచి ఆటగాళ్లకీ, రిఫరీలకీ కూడా తప్పనిసరి. అంటే బస్సుల్లో తిరిగే మైనర్ లీగ్ కుర్రాడు శుక్రవారం దాన్ని పెట్టుకుని ఆడతాడు, శనివారం మీ దగ్గరికి పిలుపొస్తే, ముందే మీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడి ఉంటే చాలు, తీసేసి ఆడొచ్చు. బ్లేడు పదును మాత్రం రెండు చోట్లా ఒకటే.

పెద్ద ఆటగాళ్లకి అలవాటు లేదు, మెడ తిప్పడం ఇబ్బంది, వాళ్లని బలవంతపెట్టలేం అని మీవాళ్లు అంటారు. ఆ ఇబ్బందిని నేను కొట్టిపారెయ్యను. చిన్నప్పటి నుంచి ఒకలా ఆడినవాళ్లకి కొత్తది మీద పెట్టుకుంటే ఆటే మారినట్టు ఉంటుంది. అందుకే గడువు ఇవ్వండి అంటున్నాను గానీ, జీవితాంతం వదిలెయ్యమని కాదు. 1989లో క్లింట్ మలార్‌చుక్, 2008లో రిచర్డ్ జెడ్నిక్, ఇద్దరికీ మీ లీగ్ మ్యాచ్‌లలోనే, అదీ బఫెలోలోనే మెడ తెగింది. ఇద్దరూ సాయం సమయానికి అందబట్టి బతికారు.

ఇది మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. ఆటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘం పెద్ద మార్టీ వాల్ష్ గారు ఈ దేశానికి కార్మిక శాఖ మంత్రిగా చేసిన మనిషి, పని చేసే చోట రక్షణ గురించి ఆయనకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఇద్దరూ కూర్చోండి. 2028-29 సీజన్ మొదలయ్యేనాటికి ఎన్ని మ్యాచ్‌లు ఆడినవాళ్లైనా సరే, అందరికీ ఒకే రూలు అని రాసుకోండి. అంతదాకా కనీసం ఒకటి చేయండి. అమెరికన్ హాకీ లీగ్ నుంచి పైకి వచ్చిన ఆటగాడు అక్కడ పెట్టుకున్న నెక్ గార్డుని ఇక్కడ తీయకూడదని ఈ సీజన్ నుంచే జట్లకి చెప్పండి.

ఇట్లు,
మిన్నెసోటా నుంచి ఒక హాకీ ఆటగాడి తండ్రి