మా అబ్బాయి తప్పులను ఓపికగా చదివిన మేడమ్ గారికి కృతజ్ఞతలు

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా వెనుక వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాయవద్దని ఆవిడ గట్టిగా చెప్పారు కాబట్టి, మా ఇంట్లో అందరమూ పిలిచినట్టే మేడమ్ గారు అని రాస్తాను. పద్నాలుగు నెలలపాటు, వారానికి ఐదు సాయంత్రాలు, ఆరు నుంచి ఏడున్నర దాకా మా అబ్బాయి ఒక్కడినే ఎదురుగా కూర్చోబెట్టుకుని గణితం, సైన్సు, సోషల్, కన్నడ నాలుగూ ఆవిడే చెప్పారు. ఈ సంవత్సరం వాడు ఎస్.ఎస్.ఎల్.సి.లో, అంటే ఇక్కడి పదో తరగతి పబ్లిక్ పరీక్షలో, 625కు 488 మార్కులు తెచ్చుకున్నాడు.

మాది ప్రొద్దుటూరు. మావారి ఎలక్ట్రికల్ పనుల కోసం బెంగళూరు వచ్చేసరికి వాడు తొమ్మిదో తరగతి. అక్కడ తెలుగు, హిందీ చదివిన పిల్లవాడికి ఇక్కడ కన్నడ కొత్తగా వచ్చి పడింది. ఆ ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో 80కి గణితంలో 17, సైన్సులో 22, కన్నడలో 9 వచ్చాయి. ఒక ట్యూషన్ సెంటర్‌లో చేర్చాం. ఒకే హాలులో ముప్పై అయిదు మంది పిల్లలు, సబ్జెక్టుకు ఒక సారు. అజాగ్రత్త ఎక్కువని గణితం సారు, సూత్రాలు కంఠస్థం చేయడం లేదని సైన్సు సారు చెప్పారు. మూడు నెలల తర్వాత, పాసయితే చాలనుకోండి అని మాకే నచ్చజెప్పి పంపారు. అప్పటికే వాడు జవాబు పత్రాలను బియ్యం డబ్బా వెనుక దాచడం మొదలుపెట్టాడు. ఆ కాగితాలు నా చేతికి దొరికిన రోజు వాడిని కోప్పడడానికి కూడా నాకు మనసు రాలేదు.

మేడమ్ గారి దగ్గరకు తీసుకువెళ్ళింది మా అత్తగారు. మేడమ్ గారిది కోలారు జిల్లా; ఇంట్లో తెలుగు, చదివింది కన్నడంలో, ప్రభుత్వ హైస్కూళ్ళలో గణితం, సైన్సు చెప్పి రిటైరయ్యారు. "ఏమప్పా, పుస్తకాలు తర్వాత తెద్దువుగానీ, ముందు నువ్వు రాసిన పేపర్లు తీసుకురా" అన్నారు. ప్రొద్దుటూరులో వాళ్ళ తాత పిలిచినట్టు "అప్పా" అనేసరికే వాడి భుజాలు కాస్త కిందికి దిగడం నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. దాచిన కాగితాలన్నీ తీసుకెళ్ళి ఇచ్చాడు. వారం రోజులు ఆవిడ పాఠమేమీ చెప్పకుండా, ఆ పేపర్లను వరుసగా పరిచి చదివారు.

ఆ వారం చివర ఆవిడ నన్ను పిలిచి రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూపించారు. నేను చదివింది ఇంటర్ వరకే అయినా నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఒక దానిలో పుటాకార దర్పణం లెక్క: నాభ్యంతరం 15 సెంటీమీటర్లు, వస్తువు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంది. సూత్రం సరిగ్గానే రాశాడు, గుర్తులు కూడా సరిగ్గానే వేశాడు. తీరా 1/25 నుంచి 1/15 తీసివేయవలసి వచ్చినప్పుడు కింది అంకెలను మాత్రం తీసివేసి 1/10 అని రాశాడు. దాంతో, అద్దం ముందు 37.5 సెంటీమీటర్ల దగ్గర ఏర్పడవలసిన ప్రతిబింబం వాడి లెక్కలో అద్దం వెనుక 10 సెంటీమీటర్ల దగ్గరకు పోయింది. రెండో పేపరులో విద్యుత్తు: 5, 10, 30 ఓముల నిరోధాలను సమాంతరంగా కలిపితే 3 ఓములు రావాలి, వీడు 45 వేశాడు. అక్కడా అంతే, కింది అంకెలను కూడేశాడు. గణితంలో పోయిన మార్కుల్లోనూ సగానికి సగం ఇదే. ఇద్దరు సార్లు రెండు లోపాలుగా చెప్పినది నిజానికి ఒక్కటే లోపం. అది ఆరో తరగతిలో భిన్నాల దగ్గర పడి, ఎవరికీ కనబడకుండా పైతరగతులకు వచ్చేసింది. అన్ని పేపర్లనూ ఒకే మనిషి, ఒకే బల్ల మీద పెట్టి చూడడం వల్లనే అది బయటపడిందని నేను నమ్ముతున్నాను. ఒక్కో సారు తన సబ్జెక్టు పేపరు మాత్రమే చూసే చోట, వాళ్ళెంత మంచివాళ్ళయినా అది తెలిసే దారి లేదు.

ఆ లోపాన్ని ఆవిడ సరిచేసిన తీరు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. 1957లో దశాంశ నాణేలు రాకముందు రూపాయికి 16 అణాలని, పావలా అంటే నాలుగు అణాలని, బేడ అంటే రెండని చెప్పి, పావలా, బేడ కలిపితే ఎంతో మీ అవ్వను అడిగి రమ్మన్నారు. మా అత్తగారు తడుముకోకుండా ఆరణాలు అన్నారు. మరునాడు మేడమ్ గారు, "నాలుగో వంతుకు ఎనిమిదో వంతు కలిపితే నీ లెక్క ప్రకారం పన్నెండో వంతు. అంటే పావలాకు బేడ కలిపితే పావలా కంటే తగ్గిపోయిందన్న మాట. అవుతుందా అప్పా?" అని అడిగారట. వాడు చాలాసేపు కాగితం వైపే చూసి, రెండింటినీ ముందు అణాల్లోకి మార్చాలి మేడమ్ అన్నాడట. ఉమ్మడి హారం అన్న మాట ఆవిడ ఆ తర్వాతే చెప్పారు. ఆ రాత్రి వాడు అన్నం తింటూ ఈ సంగతి మాకు రెండుసార్లు చెప్పాడు. కొన్ని నెలల తర్వాత వాడు చదువు గురించి తనంతట తాను నోరు విప్పింది అప్పుడే.

కన్నడ విషయంలో మేము ఆశ వదులుకున్నాం. ఆవిడ దానిని కొత్త భాషగా చెప్పనే లేదు. తెలుగు లిపి, కన్నడ లిపి ఒక్క తల్లి పిల్లలని, పాత కన్నడంలో "ప"తో మొదలైన మాటలెన్నో కాలక్రమంలో "హ"గా మారాయని చెప్పి, మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పువ్వు హూవు, పాము హావు, పండు హణ్ణు, పది హత్తు అని వరుసగా రాయించారు. పుస్తకం, పూజ వంటి సంస్కృత పదాలు మారవని కూడా హెచ్చరించారు. వాడు ఉత్సాహంలో పిల్లిని హిల్లి అంటే, తప్పని కొట్టివేయకుండా, ఆలోచన సరైనదే కానీ కన్నడంలో దానికి బెక్కు అనే వేరే మాట ఉందని చెప్పారు. నెల తిరిగేసరికి వాడు కూరగాయల బండి దగ్గర నాకు బదులు తానే కన్నడంలో బేరమాడాడు. పబ్లిక్ పరీక్షలో కన్నడలో 71 వచ్చాయి.

సోషల్‌లో తేదీలు వాడికి నిలిచేవి కావు. మూడో మైసూరు యుద్ధం పాఠం వచ్చినప్పుడు, ఆదివారం వాళ్ళ నాన్నతో కలిసి కె.ఆర్. మార్కెట్ దగ్గర ఉన్న పాత కోట చూసి రమ్మన్నారు. ఇంగ్లీషు సైన్యం గోడను పగలగొట్టి లోపలికి దూకిన చోట 1791 మార్చి 21 అని చెక్కిన రాతిపలక ఉంది. వాడు దాని ముందు నిలబడి నోటుబుక్కులో రాసుకుని వచ్చాడు. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడని, అందులో మా కడప నిజాం చేతికి, 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళిందని మేడమ్ గారు చెప్పినప్పుడు, అది తన ఊరి కథేనని వాడికి తెలిసింది. ఆ తర్వాత ఆ సంవత్సరాలను ఎవరూ బట్టీ పట్టించవలసిన పని లేకపోయింది.

ఆవిడ చదువుకునే రోజుల్లో బసవనగుడి నేషనల్ కాలేజీలో, విద్యావేత్త హెచ్. నరసింహయ్యగారు 1962లో ప్రారంభించిన బెంగళూరు సైన్స్ ఫోరం ఉపన్యాసాలకు వెళ్ళేవారట. ఎవరు చెప్పినా సరే, ఎందుకు అని అడగకుండా ఒప్పుకోకూడదని అక్కడే అలవాటైందని ఒకసారి నాతో అన్నారు. మా వాడిని కూడా ఆవిడ తనను అలాగే అడగనిచ్చారు. అడిగిన ప్రశ్నకు సమాధానం వెంటనే తోచకపోతే, రేపు చూసి చెబుతాను అని మరునాడు తప్పకుండా చెప్పేవారు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మేము ఇవ్వగలిగినంతే ఫీజుగా అడిగారు. మధ్యలో మావారికి రెండు నెలలు పనులు లేనప్పుడు నేను కవరు తీసుకెళితే, తలుపు దగ్గరే నా చేతిలోకి తిరిగి పెట్టి, పిల్లవాడికి తెలియనివ్వకమ్మా అన్నారు. ఈ మాట నేను వాడికి ఫలితాలు వచ్చిన తర్వాతే చెప్పాను.

చీర తీసుకెళితే ఆవిడ పుచ్చుకోలేదు. వాడి తప్పుల పుస్తకం మాత్రం అడిగారు. మొదటి నెల నుంచి ఆవిడ వాడితో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టించారు; ప్రతి తప్పునూ అందులో తిరిగి రాసి, ఎందుకు తప్పయిందో వాడి సొంత మాటల్లో కింద రాయాలి. పక్క వీధి అమ్మాయి సోమవారం నుంచి చదువుకు వస్తుందట, ఆ అమ్మాయికి చూపించడానికి కావాలన్నారు. ఒకప్పుడు జవాబు పత్రాలను బియ్యం డబ్బా వెనుక దాచిన పిల్లవాడు, నిన్న సాయంత్రం ఆ పుస్తకానికి కొత్త అట్ట వేసి, లోపల చిరిగిన పేజీలకు టేపు అంటించి, తానే తీసుకువెళ్ళి ఇచ్చి, ఆవిడ కాళ్ళకు నమస్కారం చేసి వచ్చాడు.

మేడమ్ గారూ, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం. మీకు మా నమస్కారాలు.