మా తలుపు ఇంకా మీ టెక్నీషియన్ ఫోన్‌లోనే ఉంది

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: డిజిటల్ డోర్ లాక్ అడ్మిన్ హక్కు మా పేరు మీదికి మార్చకపోవడం, ఫిర్యాదులను పరిష్కరించకుండానే మూసేయడం గురించి.

అయ్యా,

లాక్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వేలిముద్ర పెడితే తెరుచుకుంటుంది, కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది, నంబరు కొడితే తెరుచుకుంటుంది. కాబట్టి ఈ ఉత్తరాన్ని దయచేసి 'ప్రోడక్ట్ ఇష్యూ' కింద రాసుకుని ఇంకో టికెట్ నంబరు పంపకండి. అవి మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మా ఫిర్యాదల్లా ఆ లాక్‌కి అడ్మిన్ మేం కాదు, మీరు పంపిన టెక్నీషియన్ అని. ఈ ముక్క మీ కంపెనీలో ఒక్కరి చెవికెక్కించడం ఇంతవరకూ మా వల్ల కాలేదు.

బిగించిన పనికి వంక పెట్టను. తలుపు మందం కొలిచాడు, పాత తాళం తీసిన గాడిని ఉలితో సరిచేసి కొత్త మోర్టీస్ బాడీ (తలుపు అంచులోకి దూరే తాళం పెట్టె) కూర్చోబెట్టాడు, బయటి ప్లేటు నుంచి లోపలికొచ్చే కేబుల్‌ని నలగకుండా రంధ్రంలోంచి తీశాడు. ఆ కేబుల్ తలుపుకీ లోపలి ప్లేటుకీ మధ్య ఇరుక్కుంటే కొన్నాళ్లకే కీప్యాడ్ మొరాయిస్తుంది, ఆ సంగతి తెలిసినవాడే. గొడవంతా యాప్ దగ్గర వచ్చింది. "టెస్టింగ్ కోసం ముందు నా ఫోన్‌లో యాడ్ చేస్తాను సార్, తర్వాత మీకు మార్చేస్తాను" అని లాక్‌ని తన అకౌంట్‌లో కలుపుకున్నాడు. మాకు ఒక ఈ-కీ, అంటే మా ఫోన్‌తో తలుపు తీసుకునే అనుమతి, పంపాడు. తలుపు తెరిచి చూపించాడు, మూసి చూపించాడు, పని పూర్తయినట్టు ఓటీపీ తీసుకుని వెళ్లిపోయాడు. మార్చడం మాత్రం మార్చలేదు.

మీ ఏజెంట్ల దృష్టిలో ఇది 'చిన్న విషయం సర్'. ఎంత చిన్నదో చూడండి. ఈ లాక్‌ని మొదట ఏ అకౌంట్ జత చేసుకుంటే అదే అడ్మిన్. ఈ-కీ ఉన్నవాళ్లు అతను ఉండనిచ్చినన్నాళ్లే ఉంటారు. తలుపు ఏ రోజు ఎన్ని గంటలకు ఎవరి వేలితో తెరుచుకుందో ఆ పూర్తి చిట్టా అతని యాప్‌లో కనిపిస్తుంది, మా యాప్‌లో కనిపించదు. లాక్‌ని వైఫైకి కలిపే గేట్‌వే డబ్బా పని చేస్తున్నంతకాలం అతను ఎక్కడున్నా ఒక్క నొక్కుతో మా తలుపు తీయగలడు. గేట్‌వే ప్లగ్గు పీకేశాం. అయినా ప్రమాదం తప్పలేదు. అడ్మిన్ యాప్ ఇచ్చే టైమ్-లిమిట్ పాస్‌కోడ్‌లు పనిచేయడానికి లాక్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. యాప్‌లోనూ లాక్‌లోనూ ఒకే లెక్క నడుస్తుంటుంది కాబట్టి, అక్కడ పుట్టిన నంబరు ఇక్కడ కీప్యాడ్ మీద కొడితే తలుపు తెరుచుకుంటుంది. పైగా తలుపు ముందుకొచ్చి నిలబడితే బ్లూటూత్ ఎలాగూ ఉంది. ఆ కుర్రాడు దొంగ అని నేననడం లేదు, మంచివాడిలాగే ఉన్నాడు. మా ఇంటి భద్రత అతని మంచితనం మీద ఆధారపడి ఉందని మాత్రమే అంటున్నాను.

ఇక మీ కస్టమర్ కేర్ వైభవం. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే చాలాసేపు సంగీతం వినిపించి, ఆ తర్వాత "హిందీ ఆర్ ఇంగ్లిష్ సర్?" అని అడుగుతారు. ఆ తెలుగు బటన్ ఎందుకు పెట్టారో మీకే తెలియాలి. సరే, వచ్చిన హిందీలోనే చెప్పాం. అవతల ఉన్నాయన అంతా విని, "బ్యాటరీలు మార్చి చూడండి" అన్నాడు.

బ్యాటరీల సంగతి మాకు తెలుసు. కొత్త ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలు నాలుగూ ఒకేసారి వేయాలి, పాతవీ కొత్తవీ కలపకూడదు. ఛార్జింగ్ బ్యాటరీలు ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి నాలుగూ కలిపి 6 వోల్టులకు బదులు 4.8 దగ్గరే ఆగిపోతాయి, లాక్ ఊరికే 'లో బ్యాటరీ' అని అరుస్తుంది. గోడ గడియారంలో వేసే చవక రకం వేస్తే మోటారు తిరిగే క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. ఇవన్నీ సరే. బ్యాటరీ మారిస్తే సర్వర్‌లో యజమాని పేరు ఎలా మారుతుందని అడిగాను. "సర్, వన్స్ ట్రై చేయండి" అన్నాడు.

తర్వాత దొరికినావిడకి రౌటర్ మీద అనుమానం. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆపేసి 2.4 మాత్రమే ఉంచమంది. కొత్తగా గేట్‌వే కలుపుకునేవాళ్లకి అది పనికొచ్చే మాటే. గేట్‌వే 2.4 మీదే కలుస్తుంది. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టుకుంటే సెటప్ మధ్యలో ఆగిపోవచ్చు. అందుకని 2.4కి వేరే పేరు పెట్టాలి, వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 ఒక్కదాని మీదే ఉంటే డబ్ల్యూపీఏ2కి దించాలి, గేట్‌వేని తలుపుకి దగ్గర్లో, మధ్యలో కాంక్రీటు గోడ అడ్డురాకుండా పెట్టాలి. కానీ తల్లీ, మా గేట్‌వే మొదటి రోజే కలిసింది, ఎవరి అకౌంట్‌లో కలిసిందన్నదే మా బాధ అంటే, "ఓకే సర్, రౌటర్ రీస్టార్ట్ చేశారా?" అంది. ఇంకొకాయన ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయమన్నాడు. బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అనుమతి కావలసింది ఆండ్రాయిడ్ 11 దాకా. 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అనుమతి వేరే వచ్చింది. మీ వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద ఆ వార్త ఇంకా పడినట్టు లేదు.

రీసెట్ ముచ్చట అయితే మరీ విడ్డూరం. లోపలి ప్లేటులో బ్యాటరీ మూత తీస్తే చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పిన్నుతో 5 సెకన్లు నొక్కమన్నారు. ఏమీ కాలేదు. ఇంకొంచెంసేపు నొక్కమన్నారు. బ్యాటరీలు తీసి, మళ్లీ పెట్టి నొక్కమన్నారు. రాత్రి పూట ఇంటిల్లిపాది తలుపు దగ్గర నిలబడి పిన్ను నొక్కే కార్యక్రమం పెట్టించారు. అసలు కారణం మీ యాప్‌లోనే రాసి ఉంది. అడ్మిన్ సెట్టింగ్స్‌లో 'రీసెట్ బటన్' అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేస్తే లాక్ మీద ఎంతసేపు నొక్కినా రీసెట్ అవదు, అడ్మిన్ ఫోన్‌లోంచి లాక్‌ని తొలగిస్తేనే మళ్లీ కొత్తగా జత చేయడం కుదురుతుంది. ఇంట్లోకి వచ్చిన పనివాళ్లో, అద్దెకున్నవాళ్లో మూత తీసి లాక్‌ని తమ పేరు మీద మార్చుకోకుండా పెట్టిన ఏర్పాటది. మంచి ఏర్పాటే. ప్రస్తుతం మీ టెక్నీషియన్‌ని మా నుంచి కాపాడుతోంది. పరిష్కారం రెండే రెండు: అతను తన యాప్‌లో 'డిలీట్' నొక్కాలి, లేదా మీరు సర్వర్ వైపు నుంచి ఆ జతని తెంపాలి. ఇంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అతన్నే నొక్కమందామంటే నంబరు స్విచాఫ్. ఫ్రాంచైజీని అడిగితే "మా దగ్గర మానేశాడండి, అకౌంట్లు కంపెనీ వాళ్లు చూసుకుంటారు" అన్నారు. కంపెనీని అడిగితే "ఇన్‌స్టలేషన్ ఫ్రాంచైజీ బాధ్యత సర్" అన్నారు. వారంటీ కార్డు మీద మాత్రం ఫ్రాంచైజీ పేరు ఎక్కడా లేదు, మీ పేరే ఇంత లావు అక్షరాల్లో ఉంది.

ఒక సూపర్‌వైజర్ దొరికారు. మొదటిసారిగా విషయం అర్థమైనట్టే మాట్లాడారు. ఇన్‌వాయిస్, సీరియల్ నంబరు, తలుపు ఫోటో అన్నీ పంపించుకున్నారు. బ్యాకెండ్ నుంచి తీసేస్తామన్నారు. తీరా ఆఖర్న, "వెరిఫికేషన్ కోసం రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాను, చెప్పండి సర్" అన్నారు. ఆ రిజిస్టర్డ్ మొబైల్ ఎవరిదండీ? మీ టెక్నీషియన్‌ది! మా తలుపు మాకు ఇవ్వడానికి అతని ఓటీపీ మేం చెప్పాలట. అదే మాట అంటే, "ఓటీపీ లేకుండా ప్రాసెస్ ముందుకు వెళ్లదు సర్, సెక్యూరిటీ రీజన్స్" అన్నారు. సెక్యూరిటీ! ఆ మాట మీ నోట వినడం మా అదృష్టం. కాసేపటికి 'మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని మెసేజ్ వచ్చింది.

పోనీ అని మళ్లీ ఫిర్యాదు చేస్తే, అడగని టెక్నీషియన్ని పంపారు. ఆయన పాపం మర్యాదస్తుడు. వానలకి టేకు తలుపు ఉబ్బి లాక్ నాలుక ఫ్రేముకి బిగించిన స్ట్రైక్ ప్లేటుకి రాసుకుంటోందని కనిపెట్టాడు. అలా రాసుకుంటే మోటారు మూలుగుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ప్లేటు స్క్రూలు సడలించి కాస్త జరిపి, ఫ్రేములో గుంత లోతు చేసి, నాలుక పూర్తిగా దిగుతోందో లేదో దాని మొనకి సుద్ద రాసి చూశాడు. అంతా చేసి, "ఇది నా చేతిలో పని కాదండి, ఆఫీసువాళ్లు సర్వర్‌లో తీసెయ్యాలి" అని జాబ్ షీట్ మీద అదే రాసి సంతకం పెట్టాడు. మీ ఆఫీసు ఆ షీట్ చూసి ఏం చేసిందంటే, టికెట్‌ని 'టెక్నీషియన్ విజిట్ పూర్తి' అని మూసేసింది. చేతిరాత చదివే ఓపిక కూడా లేకపోతే షీట్ మీద ఆ గడి ఎందుకు అచ్చేశారు? ఎక్స్‌లో పెడితే మీ హ్యాండిల్ క్షణాల్లో పలికింది, 'క్షమించండి, వివరాలు డైరెక్ట్ మెసేజ్ చేయండి' అని. చేశాం. ఆ తర్వాత అక్కడా మౌనవ్రతమే.

మా ఇంట్లో గేటు తాళం కప్ప దగ్గర నుంచి బీరువా వరకూ మా నాన్నగారి కాలం నుంచీ మీ కంపెనీవే. ఆ పేరు చూసే ఈ లాక్ కూడా మీ సొంత వెబ్‌సైట్‌లో కొన్నాం, ఇంకో కంపెనీది తక్కువకి వస్తున్నా. ఇప్పుడు ఆ తలుపు భద్రంగా ఉండాలంటే రాత్రి లోపలి గడియ వేసుకుంటున్నాం, బయటికెళితే అల్‌డ్రాప్‌కి మీ పాత ఇత్తడి తాళం కప్ప వేసుకుంటున్నాం. దానికి మాత్రం యాప్ లేదు, అడ్మిన్ లేడు. ఈ మాత్రానికి వేలు పోసి స్మార్ట్ లాక్ ఎందుకు కొనిపించారు?

'కావాలంటే రిటర్న్ పెట్టుకోండి' అని కూడా ఒకరు ఉచిత సలహా ఇచ్చారు. ఆ లాక్ విప్పితే తలుపుకి అవతల వెలుగు కనపడేంత బొక్క ఉంటుంది. మీ మోర్టీస్ కోసం తొలిచిన గాడిలో పాత తాళం మళ్లీ కూర్చోదు. వడ్రంగిని పిలిచి టేకు ముక్క అతికించి, పాలిష్ కలిపే ఖర్చు కూడా కలిపి ఇస్తానంటే అప్పుడు మాట్లాడదాం.

మీరు చేయవలసింది ఇన్‌వాయిస్, సీరియల్ నంబరు ఆధారంగా ఆ పాత అకౌంట్ నుంచి లాక్‌నీ గేట్‌వేనీ రెండింటినీ తెంపడం. లాక్ ఒక్కటి తీసేసి గేట్‌వే వదిలేస్తే మళ్లీ అదే ఓటీపీ భాగవతం మొదలవుతుంది. ఆ తర్వాత రీసెట్ మా ముందే జరగాలి, పాత పాస్‌కోడ్‌లన్నీ చచ్చాయని కీప్యాడ్ మీద కొట్టి చూపించాలి, మా ఫోన్‌లో మేమే జత చేసుకుంటాం. బిగించిన రోజు నుంచి ఆ అడ్మిన్ అకౌంట్ ఏ పాస్‌కోడ్‌లు పుట్టించిందో, తలుపుని ఎప్పుడు తీసిందో ఆ చిట్టా మాకు లిఖితపూర్వకంగా కావాలి. ఇదే కుర్రాడు ఈ చుట్టుపక్కల ఇంకెన్ని తలుపులు తన అకౌంట్‌లో 'టెస్టింగ్' చేసి వదిలేశాడో అది కూడా వెతకండి. ఆ ఇళ్లవాళ్లకి తమ తలుపు సంగతి తెలుసో లేదో.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం మీ వెబ్‌సైట్‌లో కొన్నవాళ్ల ఫిర్యాదు అందిందని గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ సైట్ అడుగున బూడిదరంగు అక్షరాల్లో మీ పేరు అందుకే ఉంది, అలంకారానికి కాదు. ఆ గడువు దాటితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి వెళతాం, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. 2019 చట్టం వచ్చాక మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి మేం రానక్కర్లేదు, మేమున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు, వకీలు తప్పనిసరీ కాదు. అపరిచితుడి చేతికి ఇంటి తాళం ఇచ్చి, తిరిగి ఇప్పించమంటే అతన్నే అడగమనడం సేవాలోపం అవునో కాదో అక్కడ తేలుతుంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మిగతా ఫ్లాట్లవాళ్లు కూడా ఇదే లాక్ పెట్టించుకుందామని అనుకుంటున్నారు. వచ్చే మీటింగ్‌లో ఈ ఉత్తరం చదివి వినిపిస్తాను.

ఇన్‌వాయిస్, జాబ్ షీట్, పరిష్కరించామంటూ మీరు పంపిన మెసేజ్‌ల ఫోటోలు దీనితో పంపుతున్నాను. ఫోన్ చేయదలిస్తే సాయంత్రం ఆరు తర్వాత, తెలుగు వచ్చినవాళ్ల చేత, సర్వర్ మీద చెయ్యి వేసే అధికారం ఉన్నవాళ్ల చేత చేయించండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కాకినాడ