టీ ధర పెరగలేదు, తగ్గింది

సంపాదకులకు నమస్కారం.

జూలై 4న మీ పిల్లల పేజీలో అమెరికా స్వాతంత్ర్యం మీద చిన్న వ్యాసం వేశారు. బ్రిటిష్ వాళ్లు టీ ధర పెంచారట, జనం కోపంతో టీ పెట్టెలు సముద్రంలో పారేశారట, యుద్ధం మొదలైందట. మా మనవరాలు అది చదివి, "అమ్మమ్మా, టీ కోసం ఎవరైనా యుద్ధం చేస్తారా?" అని అడిగింది. నల్గొండ జిల్లా హైస్కూళ్లలో 29 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన దాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

1773లో టీ ధర పెరగలేదు, తగ్గింది. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది. (1770లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోతుంటే పన్నులు వసూలు చేసుకున్న కంపెనీయే ఇది.) దాని గోదాముల్లో చైనా టీ అమ్ముడుపోక పేరుకుపోయింది. ఆ టీని నేరుగా అమెరికాకు పంపుకోవచ్చని, ఇంగ్లండులో సుంకం కట్టక్కర్లేదని చట్టం చేశారు. దాంతో దొంగదారిన వచ్చే డచ్చి టీతో పోటీపడేంత చవకైంది. కానీ పౌనుకు మూడు పెన్నీల పన్ను మాత్రం అమెరికాలో అలాగే ఉంచారు. చవకే కదా అని కొన్నారో, తమను అడక్కుండా పన్ను వేసే హక్కు లండన్ పార్లమెంటుకు ఉందని ఒప్పుకున్నట్టే. బోస్టన్ రేవులో డిసెంబరు 16 రాత్రి సుమారు 340 పెట్టెలు నీళ్లపాలైంది అందుకు.

అయినా గొడవ మొదలైంది టీతో కాదు, స్టాంపు కాగితంతో. ఫ్రాన్సుతో యుద్ధం చేసి అప్పులపాలైన ఇంగ్లండు, 1765లో అమెరికాలోని కోర్టు కాగితాలకు, పత్రికలకు, ఆఖరికి పేకముక్కలకు కూడా స్టాంపు ఉండాలంది. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పది రూపాయల స్టాంపు పేపరు ఒకటి క్లాసుకు పట్టుకుపోయేదాన్ని. ఒక ఏడాది వెనక బెంచీ పిల్లాడు లేచి, "మేడం, మా నాయిన గూడ పొలం కాగితాలకు గిదే కొన్నడు. మరి మనమెందుకు కొట్లాడలే?" అన్నాడు. నాకు తట్టని ప్రశ్న అది. మీ నాయిన ఓటేసి పంపినోళ్లే అసెంబ్లీలో ఆ రేటు పెడతారు, అప్పటి అమెరికా వాళ్లకు మాత్రం లండన్‌లో ఒక్క సభ్యుడూ లేడు అని చెప్పాను. ఆ ఒక్క ప్రశ్నతో సగం పాఠం అయిపోయింది.

అప్పుడు అమెరికాలో స్టాంపులు అమ్మాల్సిన వాళ్లను జనం భయపెట్టి రాజీనామా చేయించారు. అక్కడి తొమ్మిది వలసల (బ్రిటిష్ ఏలుబడిలోని కాలనీల) ప్రతినిధులు న్యూయార్క్‌లో కలిసి రాజుకు, పార్లమెంటుకు విన్నపాలు రాశారు. 1766లో చట్టం రద్దయింది. దాంతోపాటే, మీ మీద ఏ చట్టమైనా చేసే అధికారం మాకుందని ఇంకో చట్టం చేశారు. తర్వాత గాజు, రంగులు, కాగితం మీద పన్నులు, బోస్టన్‌లో సైన్యం, 1770 మార్చి 5న కాల్పుల్లో అయిదుగురి చావు. టీ మీద తప్ప మిగతా పన్నులు తీసేశాక దాదాపు మూడేళ్లు పెద్ద గొడవ లేదు. పిల్లలు దీన్ని అస్సలు నమ్మరు, పోరాటమంటే మధ్యలో ఆగకూడదనుకుంటారు.

టీ పారేసినందుకు 1774లో రేవు మూసేశారు. కూలీల నోటి దగ్గర కూడు పోయింది. ఇతర వలసలు ధాన్యం, గొర్రెలు పంపాయి. ఫిలడెల్ఫియాలో 12 వలసలు సమావేశమై బ్రిటిష్ సరుకు కొనొద్దని తీర్మానించాయి, రాజుకు మళ్లీ అర్జీ పెట్టాయి. 1775 ఏప్రిల్ 19న కాంకర్డ్‌లో జనం దాచిన మందుగుండు పట్టుకోవడానికి బయల్దేరిన బ్రిటిష్ సైనికులు దారిలో లెక్సింగ్టన్ దగ్గర ఎనిమిది మందిని చంపారు. అంత జరిగాక కూడా జూలైలో ఇంకో విన్నపం పంపారు. రాజు దాన్ని తీసుకోనే లేదు, ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులని ప్రకటించాడు. స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది యుద్ధంలో తొలి తూటా పేలిన పద్నాలుగు నెలలకు. మీ వ్యాసంలో లేనివి ఈ అర్జీలే.

ఇలాంటి అర్జీ గురించే మా నాయన చెప్పేవాడు. మా తాత వెట్టి మీద దరఖాస్తు పెట్టాలని ఉర్దూ వచ్చినాయన దగ్గర రాయించుకొని తహసీలుకు నడిచి వెళ్లాడట. జవాబు రాలేదు, దొర మనుషులు వచ్చారు. జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం మీద ఆయుధం పట్టమని పిలుపు వచ్చింది 1947 సెప్టెంబరు 11న. మధ్యలో పదిహేడేళ్లు. రెండు కథలూ ఒకటని అనను. అక్కడ స్వేచ్ఛ గురించి రాసిన వాళ్లలో చాలామంది ఇళ్లలో బానిసలున్నారు, ఇక్కడ లేచింది వెట్టి చేసిన వాళ్లే.

అన్నట్టు, అప్పట్లో మన జిల్లాలోదే అయిన కడవెండిలో దొరకు ఎదురు నిలిచిన దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయిన రోజు కూడా జూలై 4, 1946లో. వచ్చే ఏడాది ఆ పేజీలో ఆయనకూ ఒక మూల జాగా ఇవ్వండి. ప్రస్తుతానికి టీ ధర గురించి సవరణ వేస్తే చాలు. మనవరాలు మీ వ్యాసం కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది, సవరణ కోసం కింద నాలుగు గీతలు ఖాళీ వదిలింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
నకిరేకల్, నల్గొండ జిల్లా